ముసలి బంగారు చేపలో తిరగబెట్టే 'మిడిగుడ్డు': కారణాలు, చికిత్స, పరిభాష

వ్యాససంగ్రహం:
గాజుతొట్టెలో పెరిగే బంగారు చేపకు వయసు మళ్లిన దశలో కన్ను ఉబ్బడం, కొన్నాళ్లకు తగ్గడం, మళ్లీ ఉబ్బడం తరచుగా కనిపించే సమస్య. దీన్ని ఒక వ్యాధిగా భావించి ప్రతిసారీ అదే మందు వాడటం వల్ల కన్ను బాగుపడకపోగా చేప ప్రాణానికే ముప్పు కలుగుతోంది. కన్ను ఉబ్బడం వ్యాధి కాదని, అనేక వ్యాధుల ఉమ్మడి లక్షణమని ఈ వ్యాసం వివరిస్తుంది. చేప కంటి నిర్మాణం, ఉబ్బుకు కారణాలు, వ్యాధి తిరగబెట్టే తీరు, చికిత్సాక్రమం, చికిత్సను ఆపవలసిన సందర్భం అనే అంశాలను పరిశీలిస్తుంది. ఈ లక్షణాలను వేరుచేసి చెప్పడానికి తెలుగులో ఇదివరకే ఉన్న మిడిగుడ్డు, పువ్వు, శుక్లం అనే మాటల ప్రయోజనాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: బంగారు చేప, మిడిగుడ్డు, పువ్వు, శుక్లం, అమ్మోనియా, యాంటీబయోటిక్, వార్ధక్యం, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం:

బంగారు చేప కార్ప్ కుటుంబానికి చెందిన మంచినీటి చేప. దీని శాస్త్రీయనామం కరాసియస్ ఆరేటస్. చైనాలో సుమారు వెయ్యేళ్ల కిందటే దీన్ని పెంపుడు చేపగా మలిచారు. సరైన పోషణ ఉంటే ఇది 10 నుంచి 20 ఏళ్లు, కొన్ని సందర్భాల్లో అంతకు మించి బతుకుతుంది. ఇంగ్లండులో టిష్ అనే బంగారు చేప 43 ఏళ్లు జీవించి 1999లో మరణించినట్లు గిన్నిస్ రికార్డుల్లో నమోదైంది. మన ఇళ్లలో మాత్రం బంగారు చేపలు ఏడాది, రెండేళ్లకే చనిపోవడం మామూలు కావడంతో 'చేపకు ఆయుస్సే అంత' అనే అభిప్రాయం స్థిరపడింది. అందువల్ల చేపల వార్ధక్యం గురించి తెలుగులో చెప్పుకోవలసిన అవసరమే పెద్దగా రాలేదు.

పిల్లల కోసం కొన్న చేప పదేళ్లు దాటి బతికిన ఇంట్లో ఈ అవసరం కలుగుతుంది. అప్పటికి ఆ చేప ఇంటి మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరకు వస్తుంది. అటువంటి చేపకు కన్ను ఉబ్బినప్పుడు చాలామంది దుకాణానికి వెళ్తారు. దుకాణదారు మందు ఇస్తాడు. ఉబ్బు తగ్గుతుంది. కొన్ని నెలలకు తిరగబెడుతుంది. మూడోసారి, నాలుగోసారి ఏంచేయాలనేదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

2. చేప కన్ను - నిర్మాణ విశేషాలు:

అమరకోశంలో 'అనిమిష' శబ్దానికి దేవత, చేప అనే రెండర్థాలు ఉన్నాయి. రెప్పపాటు లేనిది అని దాని వ్యుత్పత్త్యర్థం. ప్రాచీనులు గమనించిన ఈ విషయానికి వైద్యపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. బంగారు చేపకు కనురెప్పలు లేవు. మనకు కంట్లో నలుసు పడితే రెప్ప మూసుకుంటుంది, కన్నీరు దాన్ని కడిగేస్తుంది. చేపకు ఈ రెండు రక్షణలూ లేవు. దాని కంటి ముందుభాగం ఎల్లవేళలా నీటికి తగులుతూనే ఉంటుంది. నీటి నాణ్యత చెడిపోతే ఆ ప్రభావం మొప్పల తరువాత నేరుగా పడేది కంటిమీదే. కంటిచుక్కలు చేపకు పెద్దగా పనిచేయకపోవడానికీ ఇదే కారణం. వేసిన మందు నిలవడానికి రెప్ప లేదు, చుట్టూ ఉన్న నీరు దాన్ని వెంటనే కడిగేస్తుంది.

చేప కంటిలోని కటకం గుండ్రని గోళీలా ఉంటుంది. మనిషి కంటిలో కాంతిని వంచే పనిలో ఎక్కువభాగం కార్నియాదే. నీటిలో కార్నియాకు ఆ శక్తి దాదాపు ఉండదు కనుక చేపలో ఆ భారమంతా కటకం మీదే పడుతుంది. దూరాన ఉన్నదాన్ని, దగ్గరున్నదాన్ని చూడటానికి మన కటకం ఆకారం మార్చుకుంటుంది. చేపలో ఒక చిన్న కండరం కటకాన్నే ముందువెనుకలకు జరుపుతుంది. కటకం మసకబారితే చేప చూపు తీవ్రంగా దెబ్బతినడానికి కారణం ఇదే.

కనుగుడ్డు వెనుక సన్నని రక్తనాళాల అల్లిక ఒకటి ఉంటుంది. నేత్రపటలానికి ఆక్సిజన్‌ను అధికంగా అందించడం దాని పని. కనుగుడ్డు కూర్చున్న గుంటలో, ఈ అల్లిక పరిసరాల్లో ద్రవం గాని, వాయువు గాని, చీము గాని చేరితే దానికి బయటపడే దారి ఉండదు. వెనుక ఎముక అడ్డు కాబట్టి కనుగుడ్డు ముందుకు తోసుకువస్తుంది. కన్ను ఉబ్బినట్లు మనకు కనిపించే దృశ్యం ఇదే. చాలా సందర్భాల్లో కనుగుడ్డు పెద్దది కాదు, స్థానం తప్పి బయటికి వస్తుంది.

3. పరిభాష - మూడు మాటలు, మూడు స్థితులు:

చేపలు పెంచేవారి సంభాషణలో కంటి సమస్యలన్నిటికీ 'పాప్ ఐ', 'తెల్లపొర' అనే రెండు మాటలే వినిపిస్తాయి. ఈ రెండింటిలో రెండోది మరీ అస్పష్టం. పొర కంటి పైన ఉందా, లోపల ఉందా అన్నది ఆ మాట చెప్పదు. చికిత్స మాత్రం సరిగ్గా ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. తెలుగులో ఇందుకు పనికివచ్చే మాటలు ఇదివరకే ఉన్నాయి.

మిడిగుడ్డు: ఉబికివచ్చిన కనుగుడ్డును తెలుగు 'మిడిగుడ్డు' అంటుంది. మనుషుల రూపవర్ణనలో వాడే ఈ మాట కనుగుడ్డు ముందుకు పొడుచుకువచ్చిన స్థితిని యథాతథంగా చెబుతుంది. కారణం గురించి ఏమీ చెప్పదు. లక్షణాన్ని సూచించే మాటకు ఉండవలసిన గుణం అదే.

పువ్వు: కంటి నల్లగుడ్డు మీద ఏర్పడే తెల్లమచ్చను 'కంట్లో పువ్వు' అంటారు. ఇది కార్నియాకు సంబంధించినది. గీరుకుపోవడం, పుండు పడటం, నీటిలో అమ్మోనియా పెరగడం వంటి కారణాలతో కార్నియా నీటిని పీల్చుకుని తెల్లబడుతుంది. కారణాన్ని తొలగిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది.

శుక్లం: కటకం తెల్లబడటం శుక్లం. పక్కనుంచి దీపం వేసి చూస్తే కంటి ఉపరితలం నిగనిగలాడుతూనే ఉంటుంది, తెలుపు మాత్రం లోపల కనిపిస్తుంది. వార్ధక్యం, పోషకాహార లోపం, పాత గాయం, కంటిలో చేరే పరాన్నజీవులు దీనికి కారణాలు. శుక్లం మందులతో తగ్గదు.

ఇక్కడ ఒక చిక్కును గుర్తించాలి. పాఠ్యపుస్తకాలలో కార్నియాకు 'శుక్లపటలం' అనే పదం వాడుకలో ఉంది. శుక్లం వచ్చేది కటకానికి, శుక్లపటలం అనేది కార్నియాకు పేరు. ఈ రెండూ ఒకచోట వచ్చినప్పుడు పాఠకుడు తికమకపడటం సహజం. అందుకే ఈ వ్యాసంలో కార్నియాను కార్నియాగానే వ్యవహరిస్తున్నాను. ఆదానపదం అర్థాన్ని స్పష్టపరిచేచోట దాన్ని వాడటం, దేశిపదం మరింత స్పష్టంగా ఉన్నచోట దాన్ని నిలుపుకోవడం పరిభాషాకల్పనలో ఆచరణీయమైన మార్గం.

మరొక విషయం. బంగారు చేపల్లో టెలిస్కోప్, బ్లాక్ మూర్, సెలెస్టియల్ వంటి రకాలకు వంశపారంపర్యంగానే పొడుచుకువచ్చిన కళ్లు ఉంటాయి. తరతరాలుగా మనిషి ఎంపిక చేసి పెంచినందువల్ల స్థిరపడిన లక్షణమిది, రోగం కాదు. అయితే బయటికి వచ్చిన కన్ను దేనికైనా త్వరగా తగులుతుంది కనుక ఆ రకాల్లో కంటిగాయాలు ఎక్కువ.

4. మిడిగుడ్డుకు కారణాలు:

రోగనిర్ణయంలో మొదటి ప్రశ్న ఉబ్బింది ఒక కన్నా, రెండు కళ్లా అన్నది. ఒక కన్ను మాత్రమే ఉబ్బితే స్థానిక కారణాన్ని ముందుగా అనుమానించాలి. రెండు కళ్లూ ఉబ్బితే శరీరమంతటికీ సంబంధించిన కారణాన్ని గాని, నీటిలోని లోపాన్ని గాని అనుమానించాలి. ఇది తిరుగులేని నియమం కాకపోయినా వెతకవలసిన దిశను చూపుతుంది.

4.1 గాయం: వలతో పట్టేటప్పుడు, తొట్టెలోని రాళ్లకూ ప్లాస్టిక్ మొక్కల అంచులకూ రాసుకున్నప్పుడు, బెదిరి గాజుకు గుద్దుకున్నప్పుడు కంటికి దెబ్బ తగులుతుంది. వెనుక రక్తం గాని ద్రవం గాని చేరి కన్ను ఉబ్బుతుంది. ఇన్‌ఫెక్షన్ చేరకపోతే ఇది శుభ్రమైన నీటిలో దానంతటదే తగ్గుతుంది.

4.2 బాక్టీరియా: ఏరోమోనాస్ వంటి బాక్టీరియాలు తొట్టెనీటిలో ఎప్పుడూ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న చేపను అవి బాధించవు. వ్యాధినిరోధకశక్తి తగ్గినప్పుడు గాయం ద్వారానో, రక్తం ద్వారానో కంటి వెనుకకు చేరతాయి. స్ట్రెప్టోకాకస్ జాతి బాక్టీరియాలకూ కంటిని ఉబ్బించే లక్షణం ఉంది.

4.3 మూత్రపిండాల వైఫల్యం: మంచినీటి చేప రక్తంలో లవణసాంద్రత చుట్టూ ఉన్న నీటికంటే చాలా ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా, చర్మం గుండా నీరు నిరంతరం శరీరంలోకి వస్తూనే ఉంటుంది. చేప మూత్రపిండాలు ఆ నీటిని పలుచని మూత్రంగా ఎప్పటికప్పుడు బయటికి పంపాలి. అవి బలహీనపడితే నీరు లోపల నిలిచిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, పొలుసులు విచ్చుకుంటాయి, రెండు కళ్లూ బయటికి వస్తాయి. మనుషుల జలోదరంతో పోల్చదగిన ఈ స్థితి చాలా తీవ్రమైనది.

4.4 వాయుబుద్బుద వ్యాధి: నీటిలో వాయువులు ఉండవలసిన దానికంటే ఎక్కువగా కరిగి ఉంటే అవి చేప రక్తంలోకి చేరి బుడగలుగా విడిపోతాయి. సోడాసీసా మూత తీసినప్పుడు జరిగేది ఇటువంటిదే. కంటిలో, వాజాలలో చిన్న బుడగలు కనిపిస్తాయి. లోతైన బోరునీటిలో నత్రజని ఈ విధంగా ఎక్కువగా కరిగి ఉండే అవకాశం ఉంది. బోరునీటిని తోడిన వెంటనే తొట్టెలో పోయకుండా గాలి ఆడేలా కొన్ని గంటలు కలియబెట్టి ఉంచాలని చెప్పడం ఇందుకే.

4.5 గడ్డలు, క్షయ: కంటి వెనుక కణితి పెరిగినా కన్ను ఉబ్బుతుంది. ఇది మందులతో తగ్గదు, నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. మైకోబాక్టీరియం జాతి కలిగించే 'చేపల క్షయ' మరొక దీర్ఘకాలిక కారణం. చిక్కిపోవడం, రంగు వెలిసిపోవడం, నయంకాని పుండ్లు దీని ఇతర లక్షణాలు. వీటిలో మైకోబాక్టీరియం మెరైనమ్ మనిషి చేతి గాయాల ద్వారా చర్మంలోకి చేరి మొండి పుండ్లను కలిగిస్తుంది. చేతికి గాయమున్నవారు తొడుగు లేకుండా తొట్టెలో చేయి పెట్టరాదు.

5. వ్యాధి ఎందుకు తిరగబెడుతుంది?

తిరగబెట్టడానికి మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, మూలకారణం తొట్టెలోనే మిగిలి ఉండటం. రెండవది, అసలు కారణం క్షయ, కణితి, మూత్రపిండాల బలహీనత వంటి దీర్ఘవ్యాధి కావడం. మూడవది, మొదటిసారి దెబ్బతిన్న కంటి కణజాలం బలహీనమై చిన్న కారణానికే మళ్లీ ఉబ్బడం. వయసు మళ్లిన చేపలో ఈ మూడూ కలిసే అవకాశం ఎక్కువ. దాని మూత్రపిండాలు, వ్యాధినిరోధకశక్తి పూర్వపు స్థాయిలో ఉండవు. పడుచు చేప తట్టుకున్న నీటినే ముసలి చేప తట్టుకోలేకపోవచ్చు. 'ఇన్నేళ్లూ ఇదే నీళ్లు, అప్పుడు లేనిది ఇప్పుడెందుకు?' అనే ప్రశ్నకు సమాధానం ఇదే.

ఈ మార్గాలలో మన చేతిలో పూర్తిగా ఉన్నది మొదటిది. దాన్ని అర్థం చేసుకోవడానికి నత్రజని చక్రం తెలియాలి. చేప విసర్జించే వ్యర్థాలలో ముఖ్యమైనది అమ్మోనియా. అది ప్రధానంగా మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. వడపోత పరికరంలోని స్పాంజిలో స్థిరపడిన బాక్టీరియాలు దాన్ని మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడవది తక్కువ హానికరం. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియాలు నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఆవేశం లేని రూపమే ఎక్కువ విషపూరితం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో ఆ రూపం సుమారు 0.5 శాతం. పీహెచ్ 8 అయితే అదే 5 శాతానికి మించుతుంది. అంటే ఒకే పరిమాణంలో ఉన్న అమ్మోనియా, క్షారగుణం ఎక్కువైన నీటిలో దాదాపు పదిరెట్లు ప్రమాదకరం. వేడి పెరిగినా ఈ భాగం పెరుగుతుంది. పైగా 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. బంగారు చేప చల్లని నీటిని కోరే ప్రాణి. క్షారగుణమున్న నీరు, వేసవి వేడి కలిసినప్పుడు దానికి కలిగే ఒత్తిడి ఎంతటిదో ఈ అంకెలే చెబుతాయి.

6. ఒక దృష్టాంతం:

ఈ వ్యాసకర్త ఇంట్లో పదకొండేళ్లుగా పెరుగుతున్న బంగారు చేపకు ఎడమకన్ను మూడుసార్లు ఉబ్బింది. మొదటిసారి దుకాణంలో ఇచ్చిన పసుపురంగు బిళ్లలను ఐదురోజులు నీటిలో కలపగా మూడువారాలకు ఉబ్బు తగ్గింది. మందు పనిచేసిందనుకున్నాం. ఎనిమిది నెలల తరువాత తిరగబెట్టినప్పుడు అవే బిళ్లలు రెట్టింపు వాడాం. నాలుగోరోజుకు నీరు పాలవలె తెల్లబడి, చేప ఉపరితలానికి వచ్చి రొప్పసాగింది. అప్పుడు చేప బతకడమే గగనమైంది. కంటిలో శుక్లం మిగిలిపోయింది.

మూడోసారి ఉబ్బినప్పుడు మందు కొనకుండా ముందుగా నీటిని పరీక్షించాం. లీటరుకు మొత్తం అమ్మోనియా 1 మిల్లీగ్రాము, పీహెచ్ 8.2, ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. పై లెక్క ప్రకారం అందులో పదోవంతు విషరూపంలో ఉన్నట్లు. చేపను కొన్ననాటినుంచి తొట్టె కడిగిన తేదీలు గోడ కేలండరులో గుర్తుపెట్టే అలవాటు ఉండటం వల్ల ఒక సంగతి బయటపడింది. మూడుసార్లూ కన్ను ఉబ్బింది తొట్టెను పూర్తిగా ఖాళీచేసి కడిగిన రెండు వారాలలోపే.

మన ఇళ్లలో తొట్టె కడగడమంటే చేపను వలతో పట్టి బకెట్టులో వేయడం, నీరంతా పారబోయడం, రాళ్లను, స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి కడగడం. శుభ్రతగా భావించే ఈ పనిలో రెండు హానులు ఉన్నాయి. వల రాసుకుని రెప్పలేని కంటికి గాయమవుతుంది. కుళాయినీటిలోని క్లోరిన్‌కు, పిండి కడగడానికి స్పాంజిలోని మేలుచేసే బాక్టీరియా నశిస్తుంది. ఆపై వారంలో అమ్మోనియా పెరుగుతుంది. గాయపడిన కన్ను ఆ నీటిలోనే మానాలి. పడుచుదనంలో మానింది, వార్ధక్యంలో మానలేదు.

బిళ్లల సంగతి కూడా అప్పుడే అర్థమైంది. పసుపురంగు బిళ్లలుగా అమ్మే మందుల్లో టెట్రాసైక్లిన్ వర్గానివి కూడా ఉంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియంలతో బంధం ఏర్పరచుకుంటాయి. బోరునీరు కలిసే మా నివాసంలో నీరు కఠినజలం. నీటిలో కలిపిన అటువంటి మందు చేపలోకి చేరేది తక్కువ. యాంటీబయోటిక్ ఏదైనా వడపోతలోని బాక్టీరియాను దెబ్బతీయగలదు. రెండోసారి చేప చావుబతుకుల దాకా వెళ్లడానికి వ్యాధికంటే మా వైద్యమే ఎక్కువ కారణమని భావించవలసి వచ్చింది. మొదటిసారి ఉబ్బు తగ్గడంలో మందు పాత్ర ఎంతో, కాలం పాత్ర ఎంతో చెప్పలేం. ఒక్క చేప అనుభవం సిద్ధాంతం కాదు. అయితే ఏ క్రమంలో ఆలోచించాలో నేర్పుతుంది.

7. చికిత్సాక్రమం:

మొదటి మెట్టు పరీక్ష. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఉష్ణోగ్రత చూడాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములకు మించకుండా చూసుకోవడం మంచిది. ఒక కన్నా రెండు కళ్లా, పువ్వా శుక్లమా, బుడగలు ఉన్నాయా, పొలుసులు విచ్చుకున్నాయా, మేత తింటున్నదా అనేవి రాసిపెట్టుకోవాలి. పైనుంచి, పక్కనుంచి ఫోటోలు తీసి ఉంచితే ఉబ్బు తగ్గుతున్నదో పెరుగుతున్నదో అంచనా వేయవచ్చు.

రెండవ మెట్టు నీటి సవరణ. నీటిలో మూడోవంతు మార్చాలి. కొత్త నీటిలో క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్ వంటి దానితో తొలగించాలి. పాత నీటికీ కొత్త నీటికీ ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండకూడదు. అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా రోజు విడిచి రోజు ఇలా చేయాలి. మేత తగ్గించాలి. గాలిపంపు ఆపకూడదు. పదునైన అలంకరణలు తీసేయాలి. చేపను వలతో కాక గిన్నెతో నీటితోపాటే పట్టాలి. చాలా సందర్భాల్లో ఈ మెట్టు దగ్గరే ఉబ్బు తగ్గుముఖం పడుతుంది. అందుకు కొన్ని రోజులు కాదు, కొన్ని వారాలు పట్టవచ్చు. ఓపిక లేకపోవడమే అనవసరమైన మందులకు మొదటి కారణం.

మూడవ మెట్టు లవణాలు. లీటరుకు 1 నుంచి 3 గ్రాముల సాధారణ ఉప్పును ఒకేసారి కాక ఒక రోజు వ్యవధిలో విడతలుగా కలిపితే నీటికీ చేప రక్తానికీ మధ్య లవణసాంద్రతలో తేడా తగ్గుతుంది. లోపలికి చొచ్చుకువచ్చే నీరు తగ్గి మూత్రపిండాలకు భారం తగ్గుతుంది. ఉప్పు ఆవిరి కాదు. అందువల్ల నీరు మార్చినప్పుడు తీసేసిన నీటికి సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. తొట్టెలో మొక్కలుంటే చేపను వేరే పాత్రలోకి మార్చి ఈ చికిత్స చేయాలి. ఎప్సం ఉప్పుగా పిలిచే మెగ్నీషియం సల్ఫేట్‌ను కూడా ఉబ్బు తగ్గడానికి చాలామంది వాడతారు. దీనికి ఆధారం ప్రధానంగా పెంపకందారుల అనుభవమే. మోతాదు మించకపోతే హాని తక్కువ. సాధారణ ఉప్పు, ఎప్సం ఉప్పు ఒకటి కావు, ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

నాలుగవ మెట్టు యాంటీబయోటిక్. కన్ను ఎర్రబారడం, చీము, పుండ్లు, మేత మానేయడం వంటి ఇన్‌ఫెక్షన్ లక్షణాలు ఉన్నప్పుడే దీని అవసరం. పశువైద్యుడు సూచించిన మందును మేతలో కలిపి గాని, సూది ద్వారా గాని ఇవ్వడం నీటిలో కలపడం కన్నా మేలు. మందు చేపలోకి నేరుగా చేరుతుంది, వడపోతలోని బాక్టీరియాకు హాని తక్కువ. మోతాదు, రోజుల సంఖ్య పూర్తిచేయాలి. నీలిరంగు మందుగా దొరికే మిథిలీన్ బ్లూ కంటి వెనుక ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను చేరలేదు, పైగా వడపోతను దెబ్బతీస్తుంది.

ఉబ్బిన కంటిని సూదితో గుచ్చి ద్రవం తీయడం ఇంట్లో ఎన్నడూ చేయరాదు. అది కన్నును మాత్రమే కాక ప్రాణాన్నీ తీస్తుంది. కనుగుడ్డు చితికిపోయినప్పుడు నిపుణులు నీటిలో మత్తుమందు కలిపి, చేపను స్పృహ తప్పించి ఆ కన్నును తొలగించగలరు. ఒక కన్నుతో, ఆఖరికి కళ్లు లేకుండా కూడా బంగారు చేప బతకగలదు. వాసనతో, శరీరం పక్కల ఉండే పార్శ్వరేఖ ద్వారా నీటి కదలికలను పసిగట్టడంతో అది తిరుగుతుంది. మేతను రోజూ ఒకే చోట వేస్తే తెలుసుకుంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో అలంకారచేపలకు వైద్యం చేసేవారు తక్కువే. అయినా నెల్లూరు జిల్లా ముత్తుకూరు, వనపర్తి జిల్లా పెబ్బేరులలో మత్స్యశాస్త్ర కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదులో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దుకాణదారు మాటకన్నా ఇటువంటి చోట్ల చదివినవారి సలహా పొందడం శ్రేయస్కరం.

8. విచ్చలవిడి మందుల ప్రమాదం:

ఒక తొట్టెలో వేసే బిళ్ల చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ తక్కువ మోతాదులో, అసంపూర్ణంగా, పదేపదే వాడిన యాంటీబయోటిక్ ఆ మందుకు లొంగని బాక్టీరియాను ఎంచి పెంచినట్లే. ఆ నీటిని పారబోసినప్పుడు అవి మురుగుకాలువలోకి చేరతాయి. చేపల, రొయ్యల పెంపకంలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయం కొత్తది కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటి మందులను ఆహారచేపల, రొయ్యల పెంపకంలో నిషేధించారు. చెరువుకు వర్తించే వివేకం గాజుతొట్టెకూ వర్తిస్తుంది. పేరు, గడువుతేదీ, మోతాదు రాయని బిళ్లలు కొనకపోవడం ప్రతి పెంపకందారుడూ పాటించదగిన కనీస నియమం.

9. చికిత్సకు హద్దు:

నీరు సరిగా ఉంది, మందు సక్రమంగా పూర్తయింది, అయినా వ్యాధి తిరగబెడుతోంది. అప్పుడు అది క్షయ, కణితి, మూత్రపిండాల వైఫల్యం కావచ్చు. ఇక్కడ ప్రశ్న మారుతుంది. కన్ను బాగుపడుతుందా అని కాక, చేప తింటోందా, నిటారుగా ఈదుతోందా, పిలుపుకు స్పందిస్తోందా అని అడగాలి. ఈ మూడూ ఉంటే ఉబ్బిన కన్నుతోనే దాన్ని బతకనివ్వడం తప్పు కాదు. ప్రతి లక్షణాన్నీ తొలగించాలనే పట్టుదలతో ముసలి ప్రాణిని మందు మీద మందుకు గురిచేయడం మన మనశ్శాంతికే తప్ప దాని మేలుకు కాదు.

ఆ మూడూ లేనప్పుడు, బాధ తప్ప మరేమీ మిగలనప్పుడు సుఖమరణం గురించి ఆలోచించవలసి రావచ్చు. మత్తుమందును అధికమోతాదులో నీటిలో కలపడం అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు అంగీకరించిన పద్ధతి. లవంగనూనెలోని యూజినాల్ అటువంటి మత్తుపదార్థాలలో ఒకటి. దీన్ని తెలిసినవారి సలహాతోనే చేయాలి. మరుగుదొడ్డిలో వదలడాన్ని ఆ మార్గదర్శకాలు అంగీకరించవు. జబ్బుచేపను చెరువులో వదిలేయడం కరుణలా కనిపించినా దానివల్ల చేపకు మేలు లేదు, చెరువులోని చేపలకు వ్యాధి సోకే ప్రమాదం ఉంది.

10. ముగింపు:

బంగారు చేప కంటినాడి తెగినా తిరిగి పెరగగలదు. ఎటార్డీ, స్పెర్రీ అనే శాస్త్రజ్ఞులు 1963లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చేపమీద చేసినవే. ఇంతటి పునరుజ్జీవనశక్తి ఉన్న కన్ను గాజుతొట్టెలో మళ్లీమళ్లీ చెడిపోతున్నదంటే లోపాన్ని కంటిలో వెతకడం కన్నా ముందు నీటిలో వెతకడం సమంజసం. పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. మిడిగుడ్డు లక్షణమే గాని వ్యాధి కాదు. కారణం తెలియకుండా చేసే చికిత్స తిరగబెట్టడానికి దారితీస్తుంది.
2. మిడిగుడ్డు, పువ్వు, శుక్లం అనే తెలుగు మాటలు మూడు వేర్వేరు స్థితులను స్పష్టంగా చెబుతాయి. వీటిని నిలుపుకుంటే వైద్యసలహా అడగడంలోనూ ఇవ్వడంలోనూ పొరపాట్లు తగ్గుతాయి.
3. తొట్టెను ఒకేసారి పూర్తిగా కడగడం మాని, వారానికి నాలుగోవంతు నీరు మార్చి, స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండటం ప్రధాన నివారణోపాయం.
4. యాంటీబయోటిక్ నాలుగో మెట్టు, మొదటిది కాదు.
5. వయసు మళ్లిన చేప విషయంలో చికిత్స లక్ష్యం కంటి అందం కాదు, చేప సుఖంగా బతకడం.

పైన పేర్కొన్న చేప ఇప్పుడు మందు లేకుండా పద్నాలుగు నెలలు గడిపింది. ఎడమకన్ను కొద్దిగా ఉబ్బెత్తుగానే ఉంది, అందులోని శుక్లం పోలేదు. మేత వేసే వేళకు అది తల కొంచెం తిప్పి, కుడికన్నుతో చూస్తూ గాజు దగ్గరకు వస్తోంది.